అపార్ట్‌మెంట్ ఆవరణలో వారపు సంత: ఎవరు దరఖాస్తు చేయాలి, ఎలా చేయాలి

విజయనగరం అంచుల్లో కొత్త అపార్ట్‌మెంట్లు లేచాక, ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని దాసన్నపేట రైతుబజారుకు వెళ్లే ఓపిక చాలామందికి తగ్గింది. గేటు లోపలే వారానికోసారి సంత పెట్టుకుందామని ఫ్లాట్ల వాళ్లు పూనుకుంటున్నారు. గంట్యాడ వైపు నుంచి వంకాయలు, భీమాలి మామిడి తాండ్ర, మూడో అంతస్తు పిన్నిగారి చోడట్లు (రాగి అట్లు) అన్నీ ఒకేచోట దొరికితే అంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా 'అసోసియేషన్ పేరు మీద ఒక్క లైసెన్సు తీసేస్తే అందరికీ సరిపోతుంది' అనుకోవడం దగ్గర వస్తుంది. అది కుదరదు. ఆహార భద్రత చట్టం కింద ఎవరి అమ్మకానికి వారే నమోదు చేయించుకోవాలి.

ముందు స్థలం సంగతి తేల్చుకోండి. ఉమ్మడి స్థలాలు బిల్డర్ ఇంకా అప్పగించకపోతే అనుమతి ఇవ్వాల్సింది ఆయనే, రాతపూర్వకంగా. అప్పగించేసి ఉంటే అసోసియేషన్ సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించండి. సెల్లార్ పార్కింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్లానులో పార్కింగ్ అని చూపించిన చోట బల్లలు వేస్తే, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజున సమాధానం ఉండదు. ఫైరింజన్ వచ్చే దారి కూడా ఖాళీగా ఉండాలి. సంత రోజు, వేళలు, చెత్త ఎవరు ఎత్తుతారన్నది రాసి నగరపాలక సంస్థ ప్రజారోగ్య విభాగానికి ఒక లేఖ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఇక అమ్మేవాళ్లు. తన పొలంలో పండించిన కూరగాయలు, పళ్లు పండినవి పండినట్టే తెచ్చి అమ్మే రైతుకు ఈ నమోదు అక్కర్లేదు. రైతు చేతిలో ఉన్న ముడి పంటను 2006 నాటి ఆ ఆహార భద్రత చట్టమే పక్కన పెట్టింది. సముద్రంలో పట్టి తెచ్చిన మత్స్యకారుడికీ అంతే. అదే కూరగాయలు మధ్యలో ఇంకొకరు కొని తెచ్చి అమ్మితే ఆయన వ్యాపారి, నమోదు కావాలి. పచ్చళ్లు, తాండ్ర, చోడిపిండి, అట్లు, బజ్జీలు అమ్మే వాళ్లందరికీ కావాలి. ఇంటి వంటే కదా అంటే ఒప్పుకోరు.

దరఖాస్తు ఎఫ్ఎస్ఎస్ఏఐ (భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) వారి ఫాస్కాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో. రాష్ట్రం ఎంచుకున్నాక 'వ్యాపార రకం' అడుగుతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అక్కడికక్కడ వండి పెట్టేవాళ్లు ఆహార సేవల కింద, పచ్చడి, తాండ్ర లాంటివి తయారుచేసి ప్యాక్ చేసేవాళ్లు తయారీ కింద, కొని తెచ్చి అమ్మేవాళ్లు చిల్లర వర్తకం కింద చూసుకోవాలి. రెండు పనులూ చేస్తుంటే రెండూ టిక్ చేయాలి. ఆ తర్వాత అడిగేది ఏడాది టర్నోవర్ (మొత్తం అమ్మకం). ఆహార లైసెన్సుల 2011 నిబంధనలు వచ్చినప్పుడు 12 లక్షల రూపాయల వరకు చిన్న వ్యాపారి కింద లెక్కగట్టారు, చిన్న వ్యాపారికి లైసెన్సు కాకుండా ఉత్త రిజిస్ట్రేషన్ చాలు. వారానికోసారి బల్ల వేసేవాళ్లు ఆ గీత దగ్గరికి కూడా రారు. ఫోటో, గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయాలి. చిరునామా అడిగిన చోట సంత చిరునామా కాకుండా, వండే వంటిల్లు ఎక్కడుంటే అది వేయండి. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది ఆ వంటిల్లునే.

ఫీజు ఏడాదికి 100 రూపాయలు. దీనికి వేలు అడిగే ఏజెంట్లు, అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు పేజీలు బోలెడు. కంప్యూటరు చేతకాకపోతే పక్కింటి డిగ్రీ కుర్రాడిని కూర్చోబెట్టుకోండి, టీ ఖర్చుతో పోతుంది.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారులు రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, కాదనాలి, లేదా తనిఖీ చేస్తామని చెప్పాలి. తనిఖీ పెడితే 30 రోజుల్లో తేల్చాలి. ఆ గడువుల్లో ఏ కబురూ రాకపోతే చిన్న వ్యాపారి పని మొదలుపెట్టుకోవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి, అందుకే దరఖాస్తు రసీదు దాచుకోవడం ముఖ్యం. వచ్చే నంబరులో 14 అంకెలుంటాయి. సర్టిఫికెట్ కాపీ బల్ల దగ్గర అందరికీ కనబడాలి. ప్యాకెట్ల మీదైతే ఆ నంబరుతో పాటు వేసిన సరుకులు, నికర బరువు, తయారైన తేదీ, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలి.

బజ్జీల బల్ల వాళ్లకు రెండు మాటలు. న్యూస్‌పేపర్లో పొట్లం కట్టకూడదు, 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయి. అరిటాకు ముక్కో విస్తరాకో వాడుకోండి, మన వైపు వాటికేం కరువు లేదు. కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె పదేపదే కాగితే అందులో పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. కొలిచే పరికరం అందరి దగ్గరా ఉండదు కాబట్టి, నల్లబడి నురుగు కట్టిన నూనెను మళ్లీ పొయ్యెక్కించొద్దు.

మిగిలింది కాటా. రైతుకు ఆహార నమోదు అక్కర్లేకపోయినా తూకం నియమాలు తప్పవు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి, ఇనుప రాళ్లకు రెండేళ్లకోసారి వేయించాలి. ప్రతి రైతునూ కాటా తెమ్మనే కన్నా అసోసియేషనే ముద్ర వేయించిన కాటా ఒకటి కొని గేటు దగ్గర పెడితే, తూకం మీద అనుమానం వచ్చినవాళ్లు అక్కడే మళ్లీ తూచి చూసుకుంటారు.