మెరైన్ ట్యాంక్‌లో నీళ్ళు తేడాగా ఉన్నాయా? కొత్త ఫిల్టర్ కొనేముందు ఇవి చూడండి

ఉప్పునీటి ట్యాంక్‌లో ఏ చిన్న తేడా వచ్చినా చాలామంది ముందు వెతికేది ఇంకా పెద్ద ఫిల్టర్ కోసమే. కాస్త ఆగండి. ఫిల్టర్ చెత్తను పట్టుకోవడం వేరు, ఆ చెత్త నీళ్ళలోంచి పూర్తిగా బయటికి పోవడం వేరు. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో దీన్నిబట్టే తేలుతుంది. సుమారు 200 లీటర్ల ట్యాంక్, ఓ జత క్లౌన్ ఫిష్, కొన్ని సాఫ్ట్ కోరల్స్ ఉన్నాయనుకుని రాస్తున్నా.

ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా నైట్రేట్ 40 పీపీఎం కిందికి రావట్లేదు

మంచినీటి చేపల అలవాటుతో కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) పెట్టి, నెలల తరబడి దాన్ని తెరవకపోతే జరిగేది ఇదే. స్పాంజ్‌లో చిక్కిన తిండి, చేపల మలం అక్కడే కుళ్ళి అమ్మోనియా అవుతాయి, అది నైట్రైట్ అయి, చివరికి నైట్రేట్‌గా మారి ట్యాంక్‌లోకే తిరిగొస్తుంది. చూడ్డానికి నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి టెస్ట్ కిట్ లేకపోతే అసలు తెలియదు.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి: వారానికోసారి స్పాంజ్ తీసి, ట్యాంక్‌లోంచి తోడిన ఉప్పునీళ్ళలోనే కడగండి. కుళాయి నీళ్ళలో కడిగితే క్లోరిన్‌కి అమ్మోనియాని మార్చే మంచి బాక్టీరియా పోతుంది. నెల తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు ప్రోటీన్ స్కిమ్మర్ కొనండి. నా లెక్కలో మెరైన్ ట్యాంక్‌కి మొదట డబ్బు పెట్టాల్సింది దీనిమీదే, ఎందుకంటే సన్నటి బుడగలకు అంటుకున్న మురికి కుళ్ళకముందే నురుగుతో పాటు పైన కప్పులోకి వచ్చేస్తుంది, మనం పారబోస్తాం. డబ్బామీద రాసే లీటర్ల లెక్క కాస్త ఉదారంగా ఉంటుంది, 200 లీటర్లకి 300 నుంచి 400 అని రాసింది తీసుకోండి. అంతకంటే బాగా పెద్దది పెడితే, ఉన్న కొద్దిపాటి మురికికి నురుగు పైదాకా రాదు. సంప్ (ట్యాంక్ కింద ఫిల్టర్ సామాను పెట్టే రెండో చిన్న ట్యాంక్) లేనివాళ్ళు వెనక తగిలించే రకం చూసుకోవచ్చు.

రాళ్ళు కూడా ఫిల్టరే. గుల్లగా ఉండే రాయి లోపల ఆక్సిజన్ అందని చోట్ల నైట్రేట్‌ని కూడా తినే బాక్టీరియా ఉంటుంది. కానీ సముద్రంలోంచి పగలగొట్టి తెచ్చిన పగడపు రాయి ఎవరు అమ్మినా కొనకండి, మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. డ్రై రాక్ (జీవం లేని ఎండు గుల్ల రాయి) వేసి, బాక్టీరియా పట్టేదాకా ఓ నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి.

స్కిమ్మర్ పొంగిపోతోంది, లేదా నురుగే లేదు

కొత్తదైతే వారం, రెండు వారాలు అలాగే ఉంటుంది, టెన్షన్ పడొద్దు. పాతదైతే సంప్‌లో నీటి మట్టం చూడండి, అది మారితే నురుగు కూడా మారుతుంది.

టెస్ట్‌లో నైట్రేట్ సున్నా, రాళ్ళనిండా పచ్చటి పాచి

నైట్రేట్ లేక కాదు, ఉన్నదంతా పాచి తినేస్తోంది. ఇక్కడ ఫిల్టర్ కంటే ముందు మీరు పోసే నీళ్ళని అనుమానించాలి. మన ఇళ్ళలో బోరు నీళ్ళకి, ట్యాంకర్ నీళ్ళకి ఆర్వో ఉంటుంది కదా, అదే చాలనుకుంటాం. తాగడానికి రుచి ఉండాలని చాలా మిషన్లలో మినరల్ కార్ట్రిడ్జ్ పెడతారు, లేదా టీడీఎస్ అడ్జస్టర్‌తో కొంత మామూలు నీటిని మళ్ళీ కలుపుతారు. ఆవిరైన నీటికి బదులు రోజూ అదే పోస్తుంటే నీళ్ళు పోతాయి, అందులోని లవణాలు, పాచికి మేతయ్యే నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటివి కూడా, ట్యాంక్‌లోనే పేరుకుపోతాయి. టీడీఎస్ మీటర్‌తో కొలవండి. సున్నాకి దగ్గరగా లేకపోతే మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందు నుంచే లైన్ తీసుకుని, అడ్జస్టర్ మూసేసి, చివర డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసేది) పెట్టించండి. ఇంత చేశాక కూడా ఫాస్ఫేట్ ఎక్కువ చూపిస్తే అప్పుడు జీఎఫ్‌వో (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఇనుప ఆక్సైడ్ గుళికలు) ఆలోచించండి.

కొత్త ట్యాంక్‌లో ఇసుకమీద గోధుమరంగు పొర వస్తే మాత్రం అది డయాటమ్స్ అనే సూక్ష్మమైన పాచి, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

వెంటనే అమ్మోనియా టెస్ట్ చేయండి, కొంచెం కనిపించినా పావు వంతు నీళ్ళు మార్చండి. అమ్మోనియా లేకపోతే చాలావరకు ఆక్సిజన్ తక్కువని అర్థం, ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. నీటిపైన జిడ్డు పొర ఉంటే వేవ్ మేకర్‌ని (ట్యాంక్‌లో నీళ్ళు కదిలించే చిన్న పంపు) పైకి తిప్పి ఉపరితలం కదిలేలా చేయండి. ఇన్వర్టర్ ఉంటే ముందు ఆ వేవ్ మేకర్‌కే ఇవ్వండి. కరెంటు గంటల తరబడి పోయి వస్తే కానిస్టర్‌ని అలాగే ఆన్ చేయొద్దు, మూసుకున్న డబ్బాలో ఆక్సిజన్ లేక బాక్టీరియా చచ్చి, ఆ కంపు నీళ్ళన్నీ ఒక్కసారిగా చేపలమీదికి వస్తాయి. తెరిచి, కడిగి, అప్పుడు పెట్టండి.

కొత్త ఫిల్టర్ పెట్టాకే చేపలు నీరసపడ్డాయి

పాతది అదే రోజు తీసేసి ఉంటారు, బాక్టీరియాలో పెద్ద భాగం దాంతోపాటే పోయింది. పాత స్పాంజ్, రింగులు (బాక్టీరియా పట్టే సెరామిక్ ముక్కలు) ఇంకా తడిగా ఉంటే వెంటనే తిరిగి పెట్టండి. కనీసం నెల రోజులు రెండూ కలిపి నడిపి, తర్వాత వారానికి కొన్ని రింగుల చొప్పున తీస్తూ, తీసిన ప్రతిసారీ రెండో రోజు అమ్మోనియా చూడండి. కొంచెం కనిపించినా ఆ వారం ఇంకేమీ తీయకండి.