విజయవాడ బెంజ్ సర్కిల్ వైపు ఆసియా రుచులకు వెళ్తున్నారా?

శని, ఆదివారాల్లో రాత్రి ఏడున్నరకల్లా చేరుకోండి. ఆ తర్వాత బందరు రోడ్డు పక్కన బండికి చోటు వెతుక్కోవాలి. లబ్బీపేట, మొగల్రాజపురం సందుల్లోకైతే ఆటోయే నయం.

నలుగురికి రెండు సూపులు వన్ బై టూ, ఒక ప్లేటు మోమోలు, ఒక నూడుల్స్, ఒక గ్రేవీ కూర, తెల్లన్నం చాలు. అన్నీ ఒకేసారి చెప్పొద్దు. నూడుల్స్ చల్లారితే అతుక్కుని ముద్దవుతాయి, స్టార్టర్లు సగమయ్యాకే ఆర్డరివ్వండి. మోమో మడత అంచు ఎండి గట్టిగా ఉంటే ఎప్పుడో ఉడికించిందే. మంచిదైతే పొర పలచగా మెరుస్తుంది, లోపలి కూరు లీలగా కనిపిస్తుంది. ముందు చిన్నగా కొరికి ఆవిరి పోనివ్వండి, లోపలి రసం నాలుక కాల్చేస్తుంది.

శాకాహారులు మాత్రం గట్టిగా అడగాలి. థాయ్ గ్రీన్ కర్రీలో ముక్కలన్నీ కూరగాయలే అయినా, మసాలా ముద్దలో రొయ్యల పేస్టు, పైన చేపల సాస్ పడటం మామూలే. ‘వెజ్జేనా?’ అంటే సరిపోదు. ‘ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల పేస్టు లేకుండా చేస్తారాండీ?’ అనండి. వేరుశనగ పడనివాళ్లు అదీ చెప్పాలి.

గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుక చప్పగా ఉందంటుంది. అయినా రుచి చూడకుండా సోయా సాస్ పోయకండి, అందులో ఉప్పే ఎక్కువ. వెనిగర్ మిరపకాయలు అడిగి తెప్పించుకోండి.