స్విఫ్ట్ ట్యాగ్‌లో కలిసిపోయిన ప్రశ్నల్ని విడదీయడానికి

స్విఫ్ట్ అనేది యాపిల్ ప్రోగ్రామింగ్ భాష పేరు, ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోని స్టోరేజీ పేరు కూడా అదే. అందుకే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో స్విఫ్ట్ ట్యాగ్ కింద ఐఫోన్ యాప్‌ల ప్రశ్నల మధ్యలోకి ఓపెన్‌స్టాక్ స్టోరేజీ ప్రశ్నలు దూరిపోతుంటాయి. తెలిసినవాళ్ల కంట పడక జవాబు లేకుండా మిగిలిపోతాయి పాపం.

సెర్చ్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య స్విఫ్ట్ అని కొట్టి, పక్కన ఓపెన్‌స్టాక్ అనే మాట చేర్చండి. ఆ తర్వాత మైనస్ గుర్తు పెట్టి, బ్రాకెట్లలో ఐఓఎస్ అని ఇస్తే అక్కర్లేనివి చాలావరకు పోతాయి. దొరికిన ప్రశ్నలో స్విఫ్ట్ ట్యాగ్ తీసేసి ఓపెన్‌స్టాక్-స్విఫ్ట్ ట్యాగ్ పెట్టండి. ఎలాగూ ఎడిట్ చేస్తున్నారు కాబట్టి శీర్షికలో తప్పులుంటే అవీ దిద్దేయండి. ఎడిట్ చేసిన పాత ప్రశ్న జాబితాలో మళ్లీ పైకొచ్చి కొత్తవాటిని కిందికి నెడుతుంది, అందుకే ఒక్కసారికి నాలుగైదు చాలు.

కోడ్ చదవకుండా మాత్రం మార్చొద్దు. అందులో ఇంపోర్ట్ ఫౌండేషన్ (స్విఫ్ట్ భాష కోడ్ మొదట్లో తరచూ ఉండే లైను) కనిపిస్తే అడిగినాయన స్విఫ్ట్ భాషలోనే ఆ స్టోరేజీని వాడుతున్నట్టు. అక్కడ రెండు ట్యాగులూ ఉండాల్సిందే.