జీపు యాక్సిల్ కూత పెడుతోందా? ముందు పళ్ల మీది ముద్ర చూడండి

జమ్మలమడుగు మీదుగా గండికోటకు, అక్కడి నుంచి పెన్నా ఇసుకలోకి పాత ఫోర్‌వీల్ జీపులు తోలే మా కడప జిల్లా వాళ్లకు ఒక అలవాటుంది. వెనుక యాక్సిల్ కూత మొదలవగానే చిక్కటి ఆయిల్ పోయిస్తారు. దాంతో కూత కొన్నాళ్లు తగ్గుతుంది గానీ అరుగుదల ఆగదు.

ఎక్సలేటర్ తొక్కితే ఒక కూత, వదిలితే మరో కూత

యాక్సిల్ లోపలి పెద్ద పళ్లచక్రం (క్రౌన్), దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం (పీనియన్) పళ్లు సరిగా కలవడం లేదన్నమాట. పళ్లకు మార్కింగ్ పేస్టు పూసి, క్రౌన్‌ను చేత్తో కాస్త బిగపట్టి, పీనియన్‌ను రెండు వైపులా తిప్పండి. ముద్ర పంటి అడుగున పడితే పీనియన్ మరీ దగ్గరగా ఉన్నట్టు. పంటి కొసన పడితే దూరంగా ఉన్నట్టు. షిమ్ (సందు సరిచేసే పలచటి రేకు) పీనియన్ తల వెనుక ఉండే యాక్సిల్ అయితే మొదటిదానికి షిమ్ తగ్గించాలి, రెండోదానికి పెంచాలి. ఒక్కో విడత 0.05 మి.మీ. మార్చి, మళ్లీ పూసి చూడాలి. మా జీపుకు ఆరుసార్లు విప్పి బిగించాను. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

ముద్ర పంటి మధ్యకు వచ్చాక ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, చూడండి. చేత్తో ఊపి చెప్పే లెక్క వద్దు, డయల్ గేజ్ పెట్టండి. చాలా యాక్సిళ్లకు 0.15 నుంచి 0.25 మి.మీ. ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. ప్లే మార్చితే ముద్ర కూడా జరుగుతుంది కాబట్టి మళ్లీ చూడాలి. క్రౌన్, పీనియన్ జతగా తయారవుతాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపకండి.

తొక్కినా వదిలినా ఒకే గరగర

బేరింగులు పోయాయి. మార్చేటప్పుడు క్రష్ స్లీవ్ (పీనియన్ బేరింగుల మధ్య, నట్టు బిగించే కొద్దీ నలిగే గొట్టం) కూడా కొత్తదే వేయాలి. మా బండికి ఒకచోట పాతదే వేశారు. కొన్ని వారాలకే పీనియన్ వదులై పళ్లు విరిగాయి. నట్టు ఎక్కువ బిగిస్తే వెనక్కి తిప్పి సరిచేయడం కుదరదు, స్లీవ్ మళ్లీ మార్చాల్సిందే.

గేరు వేయగానే ఠంగుమనడం

యాక్సిల్ విప్పకముందే, గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లు ఊపి చూడండి. చాలాసార్లు తప్పు వాటిదే.

ఆయిల్ పాలలా తెల్లబడటం, చక్రాల దగ్గర కారడం

బ్రీదర్ (యాక్సిల్ లోపలికి గాలి ఆడే చిన్న దారి) మట్టితో మూసుకుపోయి ఉంటుంది. వేడి యాక్సిల్ ఏటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. బ్రీదర్‌కు పైపు తగిలించి బానెట్ ఎత్తుకు తీసుకెళ్లండి, ఆ తర్వాతే సీళ్లు మార్చండి.

కొత్త గేర్లు వేశాక మొదటి 25 కి.మీ. లోడు లేకుండా నెమ్మదిగా తోలి, బండి ఆపి యాక్సిల్‌ను పూర్తిగా చల్లారనివ్వండి. మన ఎండలకు ఇది మరీ అవసరం. 800 కి.మీ. దగ్గర ఆయిల్ మార్చండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పొడి అంటితే ఫర్వాలేదు. రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం బండిని అక్కడే ఆపి కవర్ విప్పండి.