ఇంట్లో చేసే కొంబుచాని అమ్మకానికి తేవాలంటే: 20 లీటర్ల లెక్క

ఇంట్లో బీరో వైనో కాచి నలుగురికీ అమ్ముదామనుకునేవాళ్ళు ముందు ఒకటి తెలుసుకోవాలి. తెలంగాణలో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. మైక్రోబ్రూవరీలకి 2015లో నిబంధనలు వచ్చిన మాట నిజమే గానీ, అవి హోటళ్ళూ బార్లూ నడిపే స్థాయి పెట్టుబడి ఉన్నవాళ్ళకి పనికొస్తాయి. పులియబెట్టడం మీద ఇష్టం ఉండి, ఇంట్లోంచే చిన్నగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి చట్టప్రకారం తెరిచి ఉన్న తోవ కొంబుచా. తియ్యటి టీ డికాషన్‌ని తోడేసి పులియబెట్టిన పానీయం ఇది. అయితే దీనికీ ఒక గీత ఉంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆల్కహాల్ 0.5 శాతం దాటితే అది మద్యం కిందికి వస్తుంది. ఈ వ్యాపారంలో ప్రతి నిర్ణయం ఆ గీత దగ్గరే మొదలవుతుంది.

చెట్టు మీంచి దింపినప్పుడు తియ్యగా ఉన్న నీరా ఎండెక్కేసరికి కల్లెందుకు అవుతుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. కొంబుచా కూడా అంతే, సీసాలో పోసి మూత పెట్టాక కూడా పులుస్తూనే ఉంటుంది. జాడీలో గాలి తగులుతున్నంతసేపు ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్‌గా మారుస్తుంది, బాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని పులుపుగా మారుస్తుంది. మూత బిగించగానే బాక్టీరియాకి గాలి అందదు, దాని పని ఆగిపోతుంది. ఈస్ట్ మాత్రం ఆగదు. అక్కణ్ణుంచి తయారైన ఆల్కహాల్ అంతా సీసాలోనే మిగిలిపోతుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. లీటరులో 8 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు 0.5 శాతం ఆల్కహాల్ వస్తుంది. 330 మి.లీ. సీసాకైతే అది రెండున్నర గ్రాముల చిల్లర, అంటే అర చెంచా పైచిలుకు. సీసా తెరిస్తే సోడాలా బుస్సుమనేంత గ్యాస్ దానంతటది రావాలన్నా ఇంచుమించు అంతే చక్కెర పులవాలి. అంటే ఇంట్లో అందరూ చేసే పద్ధతిలో, సీసాలో పండ్లరసం వేసి రెండు రోజులు బయట పెట్టి గ్యాస్ పట్టిస్తే, గీత దాటడం దాదాపు ఖాయం. ఇంట్లో తాగడానికి ఆ పద్ధతి బాగానే ఉంటుంది. అమ్మకానికి పనికిరాదు.

20 లీటర్ల బ్యాచ్

పంచదార 1.4 కిలోలు, టీ ఆకు 120 గ్రాములు, పాత బ్యాచ్ నుంచి తీసిన పుల్లటి తోడు 3 లీటర్లు, నీళ్ళు 17 లీటర్లు. రేణువుల్లాంటి సీటీసీ టీ వాడితే 90 గ్రాములు చాలు. ఇరానీ చాయ్‌కి వాడే డస్ట్ టీ వద్దు. వగరు ఎక్కువ, అడుగున మడ్డి దిగుతుంది, వడగట్టడానికి ప్రాణం పోతుంది. మసాలా టీ, సువాసన నూనెలు కలిపిన టీ కూడా వద్దు, ఆ నూనెలు తోడుని దెబ్బతీస్తాయి. బెల్లం వేస్తే రుచి బాగానే ఉంటుంది గానీ ఒక్కో బెల్లం ఒక్కో తీరు. కొన్నవాళ్ళకి ప్రతిసారీ ఒకే రుచి ఇవ్వాలంటే తెల్ల పంచదారే దారి.

నీళ్ళ విషయంలో హైదరాబాద్‌లో రెండు చిక్కులున్నాయి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది తోడులోని సూక్ష్మజీవుల్ని చంపుతుంది. బోరు నీళ్ళు కరుకు. వాటిలోని కార్బొనేట్లు పులుపుని మింగేస్తాయి కాబట్టి పీహెచ్ (పులుపుని చెప్పే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది దిగుతుంది) దిగాల్సినంత త్వరగా దిగదు. ఆర్ఓ నీళ్ళు వాడితే రెండు తలనొప్పులూ పోతాయి.

5 లీటర్ల నీళ్ళు మరిగించి, పొయ్యి ఆర్పి, ఆకు వేసి మూతపెట్టండి. ఆకు టీకి 10 నిమిషాలు, సీటీసీకి 5. వడగట్టి, వేడి మీదే పంచదార కరిగించండి. మిగిలిన 12 లీటర్లు కాచి చల్లార్చిన నీళ్ళు కలపండి. గిన్నె బయట చెయ్యి పెడితే వెచ్చదనం తెలియకూడదు. థర్మామీటర్‌లో 30 డిగ్రీల లోపు చూశాకే తోడు పోయండి. పెరుగు తోడేసేటప్పుడు పాలు గోరువెచ్చగా ఉండాలంటాం, ఇక్కడ అంత వేడి కూడా అక్కర్లేదు.

కలిపిన వెంటనే పీహెచ్ చూడండి. 4.2 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఎక్కువుంటే ఇంకో అర లీటరు తోడు పోసి మళ్ళీ చూడండి. బూజు పట్టకుండా మొదటి మూడు రోజులు కాపాడేది ఈ పులుపే. కాగితం స్ట్రిప్పులు టీ రంగులో సరిగా చెప్పవు. మీటర్ కొనండి, వాడే ప్రతిరోజూ పీహెచ్ 4.01, 7 ఉన్న ద్రావణాలతో సరిచూసుకోండి.

తోడు ఎక్కణ్ణుంచి తీస్తున్నారన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పాత జాడీలో పైభాగం నుంచే తీయాలి. ఈస్ట్ అడుగుకి దిగుతుంది. అడుగు మడ్డిని తోడుగా వాడుతూ పోతే నాలుగైదు బ్యాచ్‌లకి ఈస్ట్ పెరిగిపోయి, గ్యాస్ ఎక్కువై, పులుపు తగ్గి, కుళ్ళిన గుడ్డు వాసన తగులుతుంది. పైన తేలే మందపాటి పొర చూడ్డానికి ఘనంగా ఉంటుంది కానీ అసలు బలం పుల్లటి నీళ్ళలో ఉంది. పొర లేకపోయినా తోడు బాగుంటే కొత్త పొర దానంతటదే కడుతుంది.

వెడల్పు మూతి ఉన్న 10 లీటర్ల గాజు జాడీలు మూడు తీసుకోండి, బేగంబజార్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే దొరుకుతాయి. ఒక్కోదానిలో 7 లీటర్లకి మించి పోయకండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం, మెరుగు పూసిన పింగాణీ ఏవీ వద్దు, పులుపు వాటిని తింటుంది. డికాషన్‌కి మంచి స్టీలు గిన్నె వాడొచ్చు. జాడీ మూతికి పంచె గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. జాలీ గుడ్డ కడితే అరటిపళ్ళ మీద ముసిరే సన్నీగలు దూరి గుడ్లు పెడతాయి, పొర మీద పురుగులు తిరుగుతాయి. అలాంటి జాడీని మొత్తం పారబోయడమే.

ఎండాకాలం, చలికాలం

26 నుంచి 28 డిగ్రీలు దీనికి హాయి. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గదిలో 35 దాటుతుంది. ఆ వేడిలో నాలుగు రోజులకే వెనిగర్‌లా ముక్కు పగలగొడుతుంది. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది చూసుకోండి, లేదా ఏసీ 27 మీద పెట్టండి. డిసెంబరు రాత్రుల్లో ఇంకో చిక్కు, పని నెమ్మదించి 12 రోజులైనా తీపి దిగదు, బూజుకి అవకాశం దొరుకుతుంది. రోజులు లెక్కపెట్టి సీసాల్లో పోయకండి. నాలుగో రోజు నుంచి రోజూ ఒకే వేళకి పీహెచ్, రుచి చూసి పుస్తకంలో రాయండి. పీహెచ్ 3.0, 3.3 మధ్య ఉండి తీపి పులుపు సమంగా తగిలితే దించే వేళ. 2.5 కిందికి పోయిందంటే దాన్ని అమ్మకండి, తోడుకి ఉంచుకోండి.

పైన పొడిగా, నూగుగా, తెల్లగానో పచ్చగానో నల్లగానో కనిపిస్తే బూజు. గరిటెతో తీసేసి మిగతాది వాడదామన్న ఆలోచన ఇక్కడ కుదరదు. పొర, నీళ్ళు, గుడ్డ అన్నీ పారేసి, జాడీ వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. తడిగా వేలాడే గోధుమరంగు తీగలు మాత్రం ఈస్ట్, వాటితో ప్రమాదం లేదు. బూజు పడితే తోడుతో సహా పోతుంది కాబట్టి ఎప్పుడూ ఒక జాడీ తోడు విడిగా, వేరే గదిలో ఉంచండి.

గ్యాస్ ఎలా పట్టించాలి

పులిసిన కొంబుచాని రాత్రంతా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచండి. ఈస్ట్ అడుగుకి దిగుతుంది. పైతేటని మెత్తటి ఫిల్టర్ గుడ్డలో వడగట్టి 19 లీటర్ల స్టీలు కెగ్‌లోకి (గ్యాస్ ఒత్తిడి తట్టుకునే మూత బిగింపు పీపా) ఎక్కించండి. ఆహారానికి వాడే గ్రేడు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ని రెగ్యులేటర్‌తో కలిపి 12 నుంచి 15 పీఎస్ఐ ఒత్తిడి మీద, 3–4 డిగ్రీల చలిలో మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత చల్లటి సీసాల్లోకే నింపాలి. సీసా వెచ్చగా ఉంటే సగం నురగైపోతుంది. సిలిండర్‌ని నిలువుగా గోడకి గొలుసుతో కట్టండి. లీకైన గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీద పేరుకుంటుంది, వాసన రాదు. తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు, ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు.

రుచులు వేసేటప్పుడు చక్కెర గుర్తుంచుకోండి. అల్లం రసం లీటరుకి 10 మి.లీ., మందార రేకులు, సుగంధి వేళ్ళు వేడినీళ్ళలో నానబెట్టిన సారం లాంటివి చక్కెర పెంచవు. మామిడి గుజ్జు వేస్తే ఈస్ట్‌కి పండగే. ఎండాకాలంలో మామిడి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి, అది చెయ్యాల్సివస్తే ఆ వారంలో తాగేసే పాత ఖాతాదార్లకే ఇవ్వండి, దుకాణాలకి పంపకండి. వాడేసిన బీరు సీసాల్లో నింపొద్దు. కంటికి కనపడని బీటలుంటాయి, ఒత్తిడికి పగిలితే గాజు ముక్కలు మొహం మీదికే వస్తాయి.

చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో ఆల్కహాల్ తెలుసుకోవచ్చనుకునేవాళ్ళున్నారు. కుదరదు. ఇందులో చక్కెర, ఆమ్లం, ఆల్కహాల్ మూడూ కలిసి రీడింగ్‌ని తప్పుదారి పట్టిస్తాయి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాల్సిందే. ఒక బ్యాచ్ నుంచి 14 సీసాలు పక్కన పెట్టండి. పన్నెండు 4 డిగ్రీల్లో ఉంచి వారానికి రెండు చొప్పున ఆరు వారాలు తెరిచి చూడండి. మిగతా రెండూ మూత ఉన్న బకెట్లో, గది వేడిలో మూడు రోజులు ఉంచండి. మొదటి వారంది, ఆఖరి వారంది, వేడిలో ఉన్నది, మూడింటినీ ల్యాబ్‌కి పంపండి. వేడిలో పెట్టినది కూడా 0.5 లోపుంటేనే రెసిపీ కుదిరినట్టు. దాటితే సీసాలో పోసేటప్పటి చక్కెర తగ్గించాలి, లేదా ఇంకా మెత్తగా వడగట్టాలి. సీసా మీద ఎన్ని రోజుల్లో వాడాలని రాయాలో ఈ పరీక్షే చెబుతుంది.

కాగితాలు

ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకండి. ఫోస్కోస్ అనే దాని వెబ్ పోర్టల్‌లో దరఖాస్తు. చిన్న తయారీదారుకి ఉన్నది రిజిస్ట్రేషన్ దారి; చాలాకాలం దానికి ఏడాదికి 12 లక్షల అమ్మకాల పరిమితి, 100 రూపాయల ఫీజు ఉండేవి. ఈ పరిమితులు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టే రోజు పోర్టల్‌లో చూసుకోండి. జీఎస్టీలో సరుకులకి చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ నుంచి వెసులుబాటు ఉంటే, తెలంగాణలో 20 లక్షలే. గ్యాస్ పట్టించిన పానీయాల మీద పన్ను ఎక్కువ కాబట్టి మీ సరుకు ఏ శ్లాబులోకి వస్తుందో ధర నిర్ణయించకముందే ఆడిటర్‌ని అడగండి. తర్వాత తెలిస్తే లాభం అక్కడే పోతుంది.

లేబుల్ మీద పదార్థాలు, పరిమాణం, ఎంఆర్పీ, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, పచ్చ చుక్క, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ ఉండాలి. ‘ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కుదపవద్దు’ అని తెలుగులో పెద్దక్షరాల్లో వేయండి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి తాగాలని కూడా రాయండి. షుగర్ తగ్గుతుంది, బరువు తగ్గుతుంది అని మాత్రం రాయకండి. వాట్సాప్ గ్రూపులో కూడా అనకండి.

దుకాణం దాకా

పంచదార కిలో 45, టీ ఆకు కిలో 500 లెక్కన ఈ బ్యాచ్‌కి సరుకు ఖర్చు 123 రూపాయలు. తోడుకి 3 లీటర్లు, మడ్డికి ఒక లీటరు పోగా 48 సీసాలొస్తాయి. అంటే సీసాకి రెండున్నర రూపాయలు. ఈ అంకె చూసి మురిసిపోయి తక్కువ ధర పెట్టినవాళ్ళు రెండు నెలల్లో ఆపేస్తారు. ఖాళీ సీసా, మూత, లేబుల్, గ్యాస్, ల్యాబ్, ఫ్రిజ్ కరెంటు, ఐస్ ప్యాకులు, పెట్రోలు, దుకాణదారుడి మార్జిన్ అన్నీ దీని పక్కన రాసి చూడండి, టీ పంచదార ఖర్చు వాటి ముందు ఆనదు.

కిరాణా దుకాణానికి వెళ్ళినప్పుడు మొదట అడగాల్సింది రేటు కాదు. “అన్నా, రాత్రి ఫ్రిజ్ బంద్ చేస్తరా?” అని అడగండి. కరెంటు బిల్లు కోసం చాలామంది చేస్తారు. చేస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అక్కడ పెట్టిన సీసా మే నెలలో రెండు రాత్రులకే మళ్ళీ పులవడం మొదలెడుతుంది. ఉద్దెర అడుగుతారు. మొదటి నెల 12 సీసాలకి మించి ఇవ్వకండి, అమ్ముడైన వాటికి డబ్బు తీసుకున్నాకే మళ్ళీ వేయండి. గడువు దగ్గరపడ్డవి మీరే వెనక్కి తెచ్చుకోండి. ఆరంభంలో మంచి ఖాతాదార్లు అపార్ట్‌మెంట్లలోనే దొరుకుతారు: శనివారం ఆర్డర్ తీసుకుని, ఆదివారం తొమ్మిది లోపు థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులతో చేతికిచ్చేయొచ్చు. మధ్యలో ఎవరి ఫ్రిజ్ మీదా ఆధారపడక్కర్లేదు.

ప్రతి బ్యాచ్ నుంచి రెండు సీసాలు గడువు తీరేదాకా మీ ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరైనా ఫోన్ చేసి “తెరవగానే పొంగిందండీ” అంటే బ్యాచ్ నంబరు అడిగి మీ దగ్గరున్నది తెరవండి. అదీ పొంగితే ఆ బ్యాచ్ వెళ్ళిన ప్రతి ఇంటికీ అదే రోజు ఫోన్ చేసి వెనక్కి తెప్పించండి. అది పొంగకపోతే వాళ్ళింట్లో సీసా ఎక్కడ పెట్టారో అడగండి, చాలాసార్లు డైనింగ్ టేబుల్ మీదే ఉండుంటుంది.

పెంచాలనుకున్నప్పుడు పెద్ద డ్రమ్ముకి పోకండి. లోతు పెరిగితే గాలి తగిలే పైభాగం నిష్పత్తిలో తగ్గుతుంది, ఆల్కహాల్ పెరుగుతుంది, పాత రెసిపీ పనిచెయ్యదు. అవే జాడీలు, అదే 7 లీటర్లు, సంఖ్య పెంచండి. ఆ సంఖ్యకి హద్దు మీ ఫ్రిజ్ అరలే. వారానికి ఎన్ని సీసాలు 4 డిగ్రీల్లో నిలబెట్టగలరో లెక్కేసి, అన్నింటికే తోడు వేయండి.