పాత కపిలబావి గుట్టు తెలుసుకోవడం ఎలా?

రాయలసీమలో ఊరికి దూరంగా ఉన్న చేనుకు బోరు వేయించే ముందు, అక్కడ పాడుబడిన కపిలబావి (ఎద్దులతో నీళ్లు తోడిన బావి) ఉంటే దాన్ని చూడండి. అప్పట్లో నీళ్లు ఎంత లోతున ఉండేవో, ఇప్పుడు ఎంత ఊరుతోందో అక్కడే తెలుస్తుంది.

మొదట కపిలబాట, అంటే బావి గట్టు నుంచి ఎద్దులు నడిచిన వాలు బాట, కొలవండి. ఎద్దులు ఆ వాలు దిగుతుంటే నీళ్లు తోడే బాన పైకొచ్చేది. కాబట్టి బాట పొడవు ఇంచుమించు నీళ్లు తోడిన లోతే. టేపు పడితే 30 అడుగులు వచ్చిందంటే, కపిల తోలినన్నాళ్లూ నీటిమట్టం అంతకంటే పెద్దగా దిగలేదని అర్థం. బాట చివర దున్ని చేనులో కలిపేసుకుంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. గట్టు మీద గిలక గుంజలు నాటిన గుంతలు రెండు జతలుంటే, అది రెండు కపిలలు తోలిన బావి.

తర్వాత పాత అడంగళ్లు (ఏ భూమిలో ఏం పండిందో ఏటా రాసే రెవెన్యూ లెక్కలు) చూడండి. అందులో ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరానికి) 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది: 1380 ఫసలీ అంటే 1970 జూలై నుంచి మొదలైన ఏడాది. భూమి ‘మెట్ట’ అని రాసుంది కదా అని బావి లేదనుకోకండి. రైతు సొంత ఖర్చుతో తవ్వుకున్న బావి కింద పారినా ఆ భూమి మెట్టగానే ఉండిపోయేది.

పెద్దవాళ్లను ఏ సంవత్సరమని అడిగితే చెప్పలేరు. ‘ఆయిల్ ఇంజన్ వచ్చాకా, ముందా? ఎండాకాలం తాగేనీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవాళ్లవ్వా?’ అని అడగండి.

ఇక ఊట లెక్క. కరెంటు మోటారుతో రోజుకు కొద్దికొద్దిగా తోడండి. ఒక్కసారిగా ఖాళీ చేస్తే గోడ వెనక నానిన మట్టి బరువుకు రాతికట్టు లోపలికి కూలుతుంది. డీజిల్ ఇంజన్‌ను బావిలోకి దించొద్దు, దాని పొగ ప్రాణం తీస్తుంది. లాంతరు ఆరితే ఎవరూ దిగకూడదు. వెలుగుతున్నా సరే, విషవాయువు లేదని నమ్మకం లేదు. బ్లోయరుతో గాలి పంపి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకుంటేనే దించాలి.

మోటారు ఆపి గంటగంటకూ మట్టం రాసుకోండి. 20 అడుగుల వెడల్పున్న గుండ్రటి బావిలో అడుగు నీళ్లంటే సుమారు 8,900 లీటర్లు. ఎకరానికి అంగుళం తడి ఇవ్వాలంటే లక్షకు పైగా లీటర్లు కావాలి. మట్టం పెరిగేకొద్దీ ఊట మందగిస్తుంది కాబట్టి మొదటి గంట లెక్కతోనే రోజంతా గుణించకండి. వాన పడిన వారంలో కొలిచినా, పక్క చేను బోరు ఆడుతుండగా కొలిచినా లెక్క తేడా వస్తుంది. మే నెలలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి కొలవండి. పంట వేసేది మే లెక్కను బట్టే.