సోయా విత్తే ముందు గోనెసంచి పరీక్ష

కర్నూలు నల్లరేగడిలో సోయాచిక్కుడు వేసేవారికి ఒక మాట. ఎకరాకు 30 కిలోలన్న లెక్క 100 గింజల్లో 70 మొలిచే విత్తనానికే. సోయా గింజ పొర పల్చన, బస్తా విసిరేసినా మొలక దెబ్బతింటుంది. అందుకే 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి, ఐదారు రోజుల తర్వాత విప్పి చూస్తాను. నిరుడు 60 మొలిచాయి, 35 కిలోలు వేశాను. పక్క చేనివారు నవ్వారు గానీ, నా సాళ్లలో సందులు పడలేదు.

జూన్‌లో పదును, అంటే విత్తడానికి చాలినంత నేల తడి, దొరికితే సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు ఉంచండి. మరీ ఒత్తుగా వేస్తే చేను పడిపోతుంది. జూలై సగం దాటితే మాత్రం పగటి పొద్దు తగ్గి, మొక్క ఎదగకముందే పూతకొస్తుంది, పొట్టిగా ఉండిపోతుంది. అప్పుడు 30 సెంటీమీటర్లకు దగ్గర చేసి, విత్తనం కాస్త పెంచండి.